తాతబ్బాయి ఈత నేర్చిన వైనం

తాతబ్బాయి అని ఒకడు కొమరలంకకి ఇల్లరికం వచ్చేడంట. ఎక్కడ్నించి వచ్చేడనుకున్నారు, మెట్ట నుంచి. రాళ్ళగుంట అని ఊరు. అక్కడ నీళ్ళంటే నూతిలో ఉండాలి, లేకపోతే బిందెలో ఉండాలి, మనిషి నిలువునా తడిసేది పెళ్ళి స్నానం నాడే. అలాంటి ఊరోణ్ణి తెచ్చి నాలుగేపులా గోదారి ఉన్న లంకలో పడేసేరు. ఇక్కడేమో పిల్లలు నడక కుదరకముందే నీళ్ళలో పడతారు, గేదెలు ఈదుకుంటా పోయి అవతల మేసొస్తాయి, ముసలమ్మలు నెత్తి మీద మూటతో పాయ దాటేస్తారు. మంచోడే అనుకో, తాతబ్బాయి. కష్టం చేస్తాడు, అరటితోట అద్దంలా ఉంచుతాడు. కాకపోతే మాట పెద్దది. పెళ్ళిచూపుల నాడు మావగారు, 'బాబూ, మాది లంక, మరి ఈతొచ్చా?' అని అడిగితే, 'ఈతంటారేంటండీ, ఈది ఈది మా ఊరి చెరువుకి నేనంటేనే విసుగు' అన్నాడంట. ఆ చెరువులో అప్పటికి నీళ్ళు లేక పశువులు పడుకుంటన్నాయి. ఆ మావగారు పెళ్ళయిన కొన్నాళ్ళకే కాలం చేసేరు, ఆ మాట నిజవో కాదో తేలకుండానే.

మరి లంకలో ఉండి ఇన్నేళ్ళు ఎలా దాచేడని మీరడగొచ్చు. నావెక్కితే సరిగ్గా మధ్యలో కూర్చుని రెండు చేతుల్తో బల్ల పట్టుకునేవోడు. 'అంచుకి రండి బావగారూ, గాలొస్తది' అంటే 'గాలి పడదు' అనేవోడు. రేవులో స్నానానికెళ్తే చెంబు పట్టికెళ్ళేవోడు. గోదారి ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకునేవోణ్ణి ఎక్కడన్నా చూసేరా? అడిగితే పడిశం అనేవోడు. వేసంకాలం పడిశవే, వానాకాలం పడిశవే. ఊరంతా బావగారూ బావగారూ అనే ఊరు కదా, అల్లుణ్ణి మరీ గుచ్చి అడిగితే బాగుండదని ఊరుకున్నారు.

ఏమైందంటే, ఓనాడు మొగుడూ పెళ్ళాం టౌనుకెళ్ళి వస్తన్నారు. పెళ్ళాం మంగతాయారు, లంకలో పుట్టిన పిల్ల. నావ రేవు దగ్గరికొచ్చేసింది. నావలో ఎవరిదో మేకుంది. దానికి ఒడ్డు కనపడింది, గభాల్న గెంతింది. నావ ఓ పక్కకి ఒరిగింది. మిగతావాళ్ళు మెట్టు దిగినట్టు దిగిపోయేరు. మనవాడు మాత్రం 'చచ్చేనే మంగతాయారూ!' అని పెళ్ళాం మీద పడ్డాడు. జడ పట్టుకున్నాడు, భుజం పట్టుకున్నాడు, భుజమ్మీదికి ఎక్కబోయేడు. ఎక్కుతుంటే ఆవిడ కిందికి పోతంది, ఆవిడ కిందికి పోయే కొద్దీ వీడు ఇంకా గట్టిగా తొక్కుతున్నాడు. ఎన్ని నీళ్ళు తాగిందో పాపం, చివరికి మోచేత్తో డొక్కలో ఒక్కటిచ్చి, విడిపించుకుని లేచి, దగ్గుకుంటా, 'నిలబడండి. అడుగు తగుల్తది' అంది. నిలబడ్డాడు. నీళ్ళు మొలలోతుకొచ్చేయి. అంతే. రేవంతా మొదలైంది చూడండి నవ్వు, బట్టలుతికే వాళ్ళు బట్టలొదిలేసి నవ్వేరు. ఒక్క మంగతాయారు నవ్వలేదు.

ఇంటికెళ్ళేక ఆవిడ జడ విప్పి తల తుడుచుకుంటా చెప్పింది, 'మీతో నేనింక నావెక్కనండి. మొలలోతు నీళ్ళలో నన్ను ముంచబోయిన మనిషి నట్టేట్లో ఏం చేస్తారో నాకు తెలుసు. ఈత నేర్చుకోండి. నేర్చుకున్నాకే ఎక్కుతాను' అని. పోనీ నేనే నేర్పుతాను రండి అని కూడా అంది. దానికి వీడు, 'ఆడదాని దగ్గరా? నలుగురూ ఏమనుకుంటారు?' అన్నాడు. నలుగురూ అనుకోవాల్సింది అప్పటికే అనేసుకున్నారు, అది వేరే సంగతి. ఇక చూసుకోండి. లంకలో దేనికి కదలాలన్నా నావే కదా, పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, సినిమాకైనా. ఆవిడ ముందు నావలో పోతది, ఆయన తర్వాత నావలో పోతాడు. చుట్టాలింటికి మొగుడోసారి పెళ్ళావోసారి దిగితే, 'ఏంటమ్మా, గొడవలా?' అని అడగరా? అడిగేరు. తాతబ్బాయికి జనం నవ్విందానికంటే అదే ఎక్కువ కుచ్చుకుంది. నన్ను చూసి నా పెళ్ళాం భయపడతందే, కొట్టేవోణ్ణి కాదు, తాగేవోణ్ణి కాదు, నేను నీళ్ళకి భయపడ్డట్టు అది నాకు భయపడతందే అని లోపల్లోపల కుమిలిపోయేడంట. సరే, నేర్చుకుంటాను అనుకున్నాడు. నేర్చుకుంటే ఆషామాషీగా కాదు, పెద్దోడి దగ్గరే నేర్చుకుంటాను అనుకున్నాడు.

పెద్దోడంటే ఎవడు? లోవరాజు. ఏటేటా గోదారి అడ్డంగా ఈదే పోటీలో గెలిచేది వాడే, ఇంట్లో ఉప్పూ పప్పూ పోసుకోడానిక్కూడా ఆ గెలిచిన కప్పులే. తాతబ్బాయి వెళ్ళి అడిగితే, 'దానికేంటి బావగారూ, రండి' అని చిన్న నావలో పాయ మధ్యకి తీసికెళ్ళేడంట. నావ నడిపేవోడొకడు, వీళ్ళిద్దరూ. 'మరి ఎలా ఈదాలంటావ్ లోవరాజూ?' అన్నాడు మనవాడు. 'ఎలా ఏంటి బావగారూ? ఈదడమే' అన్నాడు వాడు. 'అది సరే, ముందు చేతులా, కాళ్ళా?' అంటే వాడు కాసేపు ఆలోచించేడు పాపం. ఎప్పుడూ ఎవరూ అడగలేదు వాణ్ణి. ఆలోచించి, 'దిగితే అదే తెలుస్తది' అని తోసేసేడు. తోసి తనూ దూకేడు. దూకి, అబ్బ, ఏం ఈదేడనుకున్నారు, చేప కూడా సిగ్గుపడాలి. వీడి చుట్టూ గిరగిరా తిరుగుతా, 'భుజం చూడండి బావగారూ! నా భుజం చూడండి!' అని అరుస్తన్నాడంట. భుజమెక్కడ చూస్తాడు మనవాడు, వీడు లోపల బురద చూస్తన్నాడు. నావవాడు గెడ వేసి పైకి లాగి కడుపు నొక్కితే సగం గోదారి బయటికొచ్చింది. లోవరాజు నావెక్కి ఒళ్ళు తుడుచుకుంటా, 'మీకు రాదు బావగారూ. ఇది రక్తంలో ఉండాలి' అని తేల్చేసేడు. తను పుట్టిన దగ్గర్నుంచీ ఈదుతున్నాడు, రానితనం అంటే ఏంటో వాడికేం తెలుసు?

అక్కడితో తాతబ్బాయికి నీళ్ళున్న గురువంటే దడ పట్టుకుంది. టౌన్లో కుక్కుటేశ్వర్రావు మాస్టారని ఒకాయన ఉన్నాడని విన్నాడు. ఆయన బోర్డేంటంటే, 'పెద్దలకు ప్రత్యేక ఈత శిక్షణ. భయం లేదు, తడవక్కర్లేదు.' నవ్వకండి, ఆ తడవక్కర్లేదు అన్న మాట చదివేకే మనవాడి కాళ్ళు లోపలికి నడిచేయంట. లోపల పొడుగాటి వసారా, వసారా నిండా బల్లలు. బల్లల మీద పొట్ట ఆనించి పెద్ద పెద్ద మనుషులు బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడిస్తన్నారు. పింఛను పుచ్చుకునే గుమాస్తాలు, కిరాణాకొట్టు షావుకార్లు, అందరూ. మాస్టారు ఇస్త్రీ బట్టలేసుకుని, బెత్తంతో గోడ మీద చేప బొమ్మ చూపిస్తా, 'నాయనా, ఈత అన్నది ముందు మనసులో ఈదాలి. తర్వాత బల్ల మీద ఈదాలి. నీళ్ళు చిట్టచివరి పాఠం. తొందరపడి నీళ్ళలో దిగబట్టే లోకంలో ఇంతమంది మునిగిపోతన్నారు' అన్నాడంట. ఎంత బాగుందో ఆ మాట! తాతబ్బాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి, ఆ బడిలో ఉన్న నీళ్ళవే. రోజూ పొద్దున్నే నావలో గజగజా వణుక్కుంటా గోదారి దాటి వెళ్ళి, పొడి బల్ల మీద ఈదొచ్చేవోడు. కప్ప ఈత నేర్చేడు, వెల్లకిల ఈత నేర్చేడు. ఊపిరి పాఠం నాడు మాస్టారు చెంబుతో మొహాన నీళ్ళు చల్లేడు, ఆ రోజు ఇద్దరు బడి మానేసేరంట, మరీ కఠినంగా ఉందని. ఆఖరికి మాస్టారు శాలువా కప్పి, 'నీకు నేర్పాల్సింది ఇంకేం లేదు నాయనా' అన్నాడు. 'మరి ఆ చిట్టచివరి పాఠం, నీళ్ళు?' అని అడిగితే, 'అది ఎవరికి వారే' అన్నాడు.

ఆ శాలువాతోనే రేవులో దిగేడు. మంగతాయారుని పిలిచేడు చూడమని. శాలువా మడిచి ఆవిడ చేతికిచ్చి, మెడలోతుకెళ్ళి, బోర్లా పడుకుని, మాస్టారు చెప్పినట్టు కాళ్ళు బారజాపేడు. అంతా సరిగ్గానే చేసేడంట, ఒక్క తేడా లేకుండా. బల్లొక్కటే లేదు. రాయి పడ్డట్టు పోయేడు లోపలికి. మంగతాయారే దిగి జుట్టు పట్టుకుని లాక్కొచ్చింది. ఇంటికెళ్ళి శాలువా గేదె దూడకి కప్పింది, చలికి.

ఇక నూకరాజని ఇంకోడు దొరికేడు, వాడి సంగతి చెప్పాలంటే నాకే ఒళ్ళు మండుద్ది. వాడు నడుముకి జీలుగు బెండు కట్టి నీళ్ళలోకి దింపుతాడు. బెండు తేలుద్ది, బెండుతో పాటు మనిషీ తేలతాడు. ఇంక చూస్కోండి తాతబ్బాయి సంబరం. చేతులాడిస్తే ముందుకి పోతన్నాడు! రేవులో ఈ చివర్నించి ఆ చివరికి! 'అయితే బెండెప్పుడు తీస్తావ్ నూకరాజూ?' అంటే, 'అప్పుడేనా, చలికాలం కానివ్వండి' అనేవోడు. చలికాలం అయ్యేక 'ఎండలు రానివ్వండి' అనేవోడు. వెళ్ళినప్పుడల్లా ఓ అరటిగెల గుంజేవోడు. శిష్యుడికి ఈతొచ్చేస్తే గెల రాదు కదా, వాడి బాధ వాడిది. వీడేమో ఊళ్ళో, 'నాకు ఈతొచ్చేసింది' అని చెప్పుకు తిరుగుతున్నాడు. ఓనాడు నీళ్ళలో ఉండగా ముడి జారిపోయింది. బెండు ఓ దారిన పోయింది, మనవాడు ఓ దారిన పోయేడు, బెండు పైకి, వీడు కిందికి. ఒడ్డుకి చేర్చిన వాళ్ళు, 'ఏరా, ఇన్నాళ్ళూ ఏం నేర్పేవురా?' అని నూకరాజుని నిలదీస్తే, 'నా బెండులో లోపం లేదండి, చూడండి ఎంత బాగా తేలతందో' అన్నాడంట. సిగ్గుండాలి.

ఆ సాయంత్రం తాతబ్బాయి పెరట్లో కూలబడిపోయేడు. 'మంగతాయారూ, మా ఊరెళ్ళిపోతాను. నువ్వూ వస్తే రా, లేకపోతే లేదు. మెట్టలో పుట్టినోడికి ఈత రాదు. రక్తంలో లేదంట నాకు' అన్నాడు. ఆవిడ పొయ్యి ఊదుతున్నదల్లా ఆపి, 'మా అమ్మదీ మెట్టేనండి. ఇద్దరు పిల్లల్ని కన్నాక నేర్చుకుంది ఈత' అంది. వీడు నోరు తెరిచేడు. 'మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?' 'నా దగ్గర నేర్చుకోడానికే మీకు నామోషీ. మా అమ్మ దగ్గరంటే ఊరుకుంటారా? అయినా ఎవరి దగ్గరికెళ్ళినా ఎలా ఈదాలనడిగేరు గానీ, ఎలా నేర్చుకున్నావని ఒక్కర్నైనా అడిగేరా?' అంది.

వాళ్ళ అమ్మ వీరాయమ్మ. ఆవిడంటే తాతబ్బాయికి గోదారికంటే ఎక్కువ భయం. పాతకాలం మనిషి, అల్లుడి ఎదటపడి మాటాడదు. ఒకే ఇంట్లో ఉంటా కూడా, అల్లుడు అన్నానికి కూర్చుంటే తలుపు చాటు నుంచి, 'అల్లుడుగారికి చారు పొయ్యవే' అని కూతురికి చెప్తది. చెప్పే గొంతులోనే తెలుస్తది వాడి గురించి ఏమనుకుంటందో. అలాంటి ఆవిడ్ని అడగాలి. అడిగేడు, తలుపుకేసి చూస్తా, 'అత్తగారండీ, నాకు ఈత...' అని. తలుపు వెనక నుంచి, 'మంగా, అల్లుడుగారిని పొద్దున్నే పాయ దగ్గరికి రమ్మను. చెంబు తేవద్దని చెప్పు' అని వినపడింది.

ఎలా జరిగేయంటే ఆ పాఠాలు, వినండి. మొలలోతు నీళ్ళలో తాతబ్బాయి. పక్కన మంగతాయారు. ఒడ్డున రాయి మీద వీరాయమ్మ, అటు తిరిగి కూర్చుని. అటు తిరిగే చెప్తది. 'అల్లుడుగారిని అడగవే, నీళ్ళు ముక్కులోకి పోతే నడినెత్తిన మిరపకాయ నూరినట్టుంటదా అని.' మంగతాయారు, 'ఉంటదా అండీ?' వీడు, 'ఉంటదండీ!' 'చెవులు మునిగితే లోకంలో ఇంకెవరూ లేరనిపిస్తదా అని అడుగు.' 'అనిపిస్తదండీ, అచ్చం అలాగే అనిపిస్తదండీ!' ఇంతమంది గురువుల్లో భుజం చూడమన్నవోడున్నాడు గానీ, నీకెలా ఉంటదని అడిగినోడు లేడు. 'నాకూ అలాగే ఉండేదని చెప్పు. ఈతొద్దు, ముందు పడుకోమను. వెల్లకిలా. నువ్వు మెడ కింద చెయ్యి పెట్టు' అంది. పడుకున్నాడు. మెడ కర్రలా బిగుసుకుపోయింది, నడుం కిందికి దిగిపోతంది. 'మెడ వదలమని చెప్పవే.' 'మెడ వదలండి.' వదల్లేదు. 'వదలమనవే.' 'వదలండీ.' ఊహూ. ఆవిడకి ఒళ్ళు మండిపోయి, కట్టుబాటూ గిట్టుబాటూ మరిచిపోయి ఇటు తిరిగి, 'ఏవయ్యా, నీ మెడ ఎవరెత్తుకుపోతారయ్యా, వదులు!' అని అరిచేసింది. ఆ అరుపుకి వదిలేసేడు. వదిలితే, పొట్ట పైకొచ్చింది. కాళ్ళు పైకొచ్చేయి. మంగతాయారు అరచెయ్యి మెల్లిగా తీసేసింది. తీసేసిన సంగతి వాడికి తెలీలేదు. ఆవిడ రెండు చేతులూ ఎత్తి చూపించేకే తెలిసింది.

అయితే అక్కడితో ఆపేసింది వీరాయమ్మ. రోజూ అదే. పడుకోడం, తేలడం. అలలో తేలడం, నావ మీంచి పడి తేలడం, బట్టలతో తేలడం. 'చేతులెప్పుడండీ?' అని వీడు. 'తొందరేంటని అడగవే' అని ఆవిడ. మనవాడికి మళ్ళీ బుర్ర తిరిగింది. ఊళ్ళో కుర్రాళ్ళు, 'బావగారు తెప్పలా ఉన్నారే, ఈత లేదా?' అని ఎకసెక్కం చేస్తన్నారు. మంగతాయారు నావెక్కుతుందా అంటే, 'మా అమ్మ చెప్పనీండి' అంటంది. 'మీ అమ్మ నన్ను దుంగని చేస్తంది గానీ ఈతగాణ్ణి చెయ్యట్లేదు' అని కోపం తెచ్చుకుని, ఓ వారం పాయకి పోడం మానేసేడు. అప్పుడే ఎర్రనీరొచ్చింది. వరద ఉరుకులు పెడతా వస్తంది. 'టౌనుకి పోవద్దండీ ఇప్పుడు' అని పెళ్ళాం అంటన్నా వినకుండా, కాఫీ తాగొస్తానని ఒక్కడే నావెక్కి పోయేడు.

నట్టేట్లో ఉండగా కొట్టుకొచ్చిన మానొకటి నావకి తగిలింది. కూర్చున్నవాళ్ళు బల్లలు పట్టుకున్నారు. మనవాడు కోపంలో ఉన్నాడు కదా, ధీమాగా అంచు మీద కూర్చున్నాడు, ఆ అంచు మీంచే పోయేడు. మునిగేడు. ముక్కులో మిరపకాయ. చేతులు ఎవర్నో పట్టుకోవాలని కొట్టుకుంటన్నాయి, అక్కడ జడ లేదు, భుజం లేదు, ఎవరూ లేరు. పైకొచ్చేడు, మళ్ళీ మునిగేడు. అప్పుడు అత్తగారి అరుపు వినపడిందంట. లోపలెక్కడో. మెడ వదులు! వదిలేసేడు. పొట్ట పైకొచ్చింది. ఇక అంతే, ఆకాశం చూస్తా పడుకున్నాడు. నావ వాళ్ళు గెడ అందించేలోపు వరద తీసుకుపోయింది. చెవుల్లో గోదారి హోరు తప్ప ఇంకేం లేదు. కొబ్బరి తలలు వెనక్కి పోతన్నాయి. పక్కన ఎవరి పాదులోదో గుమ్మడికాయ కూడా వస్తందంట, చాలా దూరం కలిసి ప్రయాణం చేసేరు. భయం వేస్తే మెడ బిగుస్తది, బిగిస్తే కాళ్ళు దిగుతాయి, మళ్ళీ వదుల్తాడు. మంగతాయారు చెయ్యి కింద ఉందనుకున్నాడు, ఉందనుకుంటే ఉన్నట్టే ఉంది.

కింద సన్నిలంక రేవులో ఆడవాళ్ళు నీళ్ళకొచ్చి చూసేరు. అయ్యయ్యో, శవం! ఒకావిడ అప్పుడే కళ్ళొత్తుకుంటా, 'ఎవరి బిడ్డో పాపం, బాగా బతికినోడే, పొట్ట చూడు' అంది. ఆ శవం తల తిప్పకుండా, 'అమ్మా, కాస్త గెడందిద్దురూ' అంది. బిందెలక్కడే వదిలేసి పరుగో పరుగు! చివరికి ఓ ముసిలాయన గుండె దిటవు చేసుకుని గెడ వేసి లాగేడు. ఒడ్డున పడి, వణుక్కుంటా, 'ఇది ఏ ఊరండీ?' అనడిగేడు. చెప్పేరు. రెండు లంకలు దాటొచ్చేనా అని మనవాడే నోరెళ్ళబెట్టేడంట.

ఇక్కడ కొమరలంకలో కబురు తెలిసి మంగతాయారు రేవులో నిలబడిపోయింది. ఏడవలేదు. నావలు తీయండని నావవాళ్ళని తిడతంది, 'వరదలో తీయం' అని వాళ్ళంటే, తనే గెడ పట్టుకుని ఎక్కేసింది, నలుగురూ పట్టి ఆపేరు. సాయంత్రానికి సన్నిలంకోళ్ళు పెద్ద పడవేసుకుని మనిషిని తెచ్చి దింపేరు, ఎవరిదో పొట్టి పంచె కట్టుకున్నాడు. ఆవిడ దగ్గరికొచ్చి తడిమి చూసింది, మనిషేనా అని. తర్వాత లాగి భుజమ్మీద ఒక్కటేసింది. 'కాఫీ కావాల్సొచ్చిందా? ఇంట్లో కాఫీ లేదా?' అప్పుడేడ్చింది. ఊరంతా చూస్తన్నారు, చూస్తే చూడనీ అన్నట్టు ఏడ్చింది. తాతబ్బాయి, 'నిన్ను పట్టుకోలేదు ఈసారి' అన్నాడంట.

వార్త పాకిపోయింది కదా. ఇక బయల్దేరేరు గురువులు. లోవరాజు, 'ఆనాడు నేను తోసిన తోపు అది, భయం పోగొట్టేను' అన్నాడు. కుక్కుటేశ్వర్రావు మాస్టారు బోర్డు మీద, 'వరద గోదారిని జయించిన శిష్యుడు' అని కొత్తగా రాయించేడు, ఇంకో నాలుగు బల్లలు కూడా చేయించేడంట. నూకరాజు సంతలో బెండ్లు పెట్టుకుని, 'తాతబ్బాయి కట్టిన రకం' అని అమ్మేడు. జనం కొన్నారు కూడా. వీరాయమ్మని మాత్రం ఎవరూ అడగలేదు. ఒక్క తాతబ్బాయే వెళ్ళి తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడి, 'అత్తగారండీ, నాకు ఈతొచ్చేసిందండీ' అన్నాడు. తలుపు వెనక నుంచి, 'ఈతెక్కడొచ్చిందే మంగా, కొట్టుకుపోడం వచ్చింది. వరద తగ్గనీ, చేతులు మొదలెడదామని చెప్పు. నువ్వు నావెక్కొచ్చులే ఇంక' అని వినపడింది.

మొదలెట్టేరు, నేర్చేడు. చూస్తే మీరు నవ్వుతారు. కుడిచెయ్యి గట్టిగా వేస్తాడు, ఎడంచెయ్యి పొదుపుగా వేస్తాడు, దాంతో వంకరగా పోతాడు. రేవుకి బాగా ఎగువన దిగితే గానీ రేవులో తేలడు. మంగతాయారు పక్కనే ఈదుకుంటా, 'ఇటండీ, ఇటు' అంటంటది. ఆయన వినిపించుకుంటాడో లేదో తెలీదు గానీ, ఇద్దరూ ఒడ్డుకైతే చేరతారు. వంకరైతే ఏం లెండి, మనవాళ్ళలో తిన్నగా పోయేవోళ్ళెవరో ఒక్కణ్ణి చూపించండి నాకు.